మారుతి 800 ఇంజన్, గేర్‌బాక్స్ ఇంటి దగ్గరే విప్పి కట్టుకోవడం: తిరుపతి, చిత్తూరు బండ్లకు పనికొచ్చే వివరాలు

తిరుమల రెండో ఘాట్‌లో సెకండ్ గేరు వేసినా బండి మూలుగుతూ ఎక్కుతుంది. వెనక అద్దంలో నీలం పొగ. డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ గుర్తు కిందికి పోయి ఉంటుంది. ఇలాంటి 800ని ఎవరికి చూపించినా ముందు వచ్చే మాట ఒకటే: "బోరుకొచ్చింది, ఇంజన్ దించాల్సిందే." నిజంగా బోరే, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడే, అరిగిపోయి ఉండొచ్చు, లేదా ఆరు వాల్వ్ సీళ్లు మారిస్తే తీరిపోయే పనీ కావొచ్చు. ఏదో తేల్చుకోకుండా స్పానర్ పట్టుకుంటే సగం ఖర్చు అక్కడే వృథా.

ఇక్కడ చెప్పేది కార్బురేటర్ ఉన్న పాత 800లలో, ఓమ్నీలలో వచ్చిన ఎఫ్8బి ఇంజన్ గురించి. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు, బోరు 68.5 మి.మీ., స్ట్రోకు 72 మి.మీ. తర్వాత వచ్చిన 12 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు పెట్రోలు ఇంజెక్షన్ ఉన్న) ఇంజన్‌కు పద్ధతి దాదాపు ఇదే అయినా కొలతలు వేరు, దాని సర్వీస్ మాన్యువల్ చూసుకోవాలి. 800 తయారీ 2014లో ఆగిపోయింది కానీ ఓమ్నీ 2019 దాకా నడిచింది కాబట్టి ఇంజన్ సామాను ఇంకా దొరుకుతూనే ఉంది. గేర్‌బాక్స్ సంగతి మాత్రం వేరు. ఓమ్నీది వెనక చక్రాలు తిప్పే గేర్‌బాక్స్, 800ది ముందు చక్రాలది. కింద చెప్పిన గేర్‌బాక్స్ పని 800కే.

ముందు కంప్రెషన్

కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో ఆ కొలత. ఇంజన్ వేడెక్కేదాకా నడపండి. మూడు ప్లగ్గులూ తీయండి, కాయిల్ వైరు ఊడదీయండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ఉంచి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. బ్యాటరీ నిండా చార్జి ఉండాలి, లేకపోతే అన్ని సిలిండర్లూ తక్కువే చూపిస్తాయి. చాలామంది యాక్సిలరేటర్ తొక్కడం మరిచిపోతారు. గాలి లోపలికి వెళ్లే దారి మూసుకుని ఉంటే మంచి ఇంజన్ కూడా చదరపు సెంటీమీటరుకు 7, 8 కిలోలే చూపిస్తుంది.

చదరపు సెంటీమీటరుకు 12 కిలోలు, అంటే గేజ్ మీద 170 పీఎస్ఐ దాటితే ఆ సిలిండర్ జోలికి పోవద్దు. 10 కిలోలకు దిగితే అరిగినట్టు. అన్నీ కాస్త తక్కువగా ఉన్నా సమానంగా ఉంటే బండి నడుస్తుంది. ఒకదానికీ ఇంకోదానికీ కిలో మించి తేడా వస్తే మాత్రం కారణం వెతకాలి.

తక్కువ చూపించిన సిలిండర్‌లోకి ప్లగ్గు రంధ్రంలోంచి ఒక టీ చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులో బోరో పోయినట్టు, ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. పెరగకపోతే లీకు పైన ఉంది, వాల్వ్ సరిగా కూర్చోవడం లేదు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు ఒకే రకంగా పడిపోతే, వాటి మధ్యన హెడ్ ప్యాకింగ్ (ఇంజన్ బ్లాకుకూ దాని పైనుండే హెడ్డుకూ మధ్య ఉండే గ్యాస్కెట్) కాలిపోయిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

పొగ కూడా సంగతి చెబుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ గుప్పున వచ్చి నిమిషంలో ఆగిపోతే వాల్వ్ సీళ్లు: రాత్రంతా ఆయిల్ బొట్లు బొట్లుగా లోపలికి దిగింది. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు లోడు మీద ఆగకుండా వస్తుంటే రింగులు. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే, ఆయిల్ మూత లోపల మజ్జిగ మీగడలా పేరుకుంటే, హెడ్ ప్యాకింగ్ చూడాలి. నల్ల పొగకు ఇంజన్ విప్పాల్సిన పనే లేదు, అది కార్బురేటర్‌దో ఎయిర్ ఫిల్టర్‌దో.

శబ్దం విషయంలో ఒక చిన్న పరీక్ష. లోడు పడినప్పుడు కింది నుంచి దబదబమని బరువైన కొట్టుడు వినిపిస్తే, ఇంజన్ ఆన్‌లో ఉండగా ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూడండి. చేతికి మందపాటి రబ్బరు గ్లౌజు ఉండాలి, తీసిన వైరు కొనను బాడీకి ఆనించి ఉంచాలి. ఏ వైరు తీస్తే ఆ చప్పుడు తగ్గుతుందో ఆ సిలిండర్ కనెక్టింగ్ రాడ్డు బేరింగ్ పోయినట్టు. ఆ బండిని ఇక నడపొద్దు.

చోటు, సామాను

ఇంటి ముందు రేకుల షెడ్డు చాలు, కానీ మట్టి నేల వద్దు. మే నెలలో తిరుపతి గాలికి లేచే దుమ్ము కొత్త బేరింగ్‌కు గరుకు కాగితం లాంటిది. నేల మీద టార్పాలిన్ పరిచి, విప్పిన ప్రతి రంధ్రానికీ శుభ్రమైన నూలు గుడ్డ కుక్కాలి. పీచు రాలే గోనె, ఊలు గుడ్డలు వాడొద్దు.

స్పానర్లలో ఎక్కువగా పడేవి 10, 12, 14, 17. అర అంగుళం సాకెట్ సెట్టు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకుల, అంటే ఆకుల, కట్ట), కంప్రెషన్ గేజ్, పిస్టన్ రింగ్ క్లాంపు, వాల్వ్ స్ప్రింగ్ క్లాంపు కావాలి. వీటన్నిటికంటే ముందు టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్, కొనండి. "చేతి లెక్క నాకు తెలుసు" అనేవాళ్లు బిగించిన అల్యూమినియం హెడ్డులే ఎక్కువగా వంకర పోతాయి.

బండి కింద పడుకునే పని ఉంటే జాకీని నమ్మొద్దు, రాళ్లను అసలే నమ్మొద్దు. ఇనుప స్టాండ్లు పెట్టి, బండిని పక్క నుంచి గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి దూరాలి. ఇంజన్ ఎత్తడానికి మూడు కాళ్ల స్టాండు, చెయిన్ పుల్లీ అద్దెకు దొరుకుతాయి. వేప కొమ్మకు చెయిన్ వేలాడదీసే అలవాటు మానుకోండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీయడం మొదటి పని. సామాను కడగడానికి కిరసనాయిలు గానీ డీజిల్ గానీ వాడండి. పెట్రోలు ఆవిరి నేల బారున పాకుతూ పోయి దూరాన ఉన్న పొయ్యిని కూడా అంటుకుంటుంది.

విప్పే ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫోటో తీయండి. డిస్ట్రిబ్యూటర్ రోటరు ఏ వైపు చూస్తోందో తీసే ముందే పెయింటు చుక్కతో గుర్తు పెట్టుకోండి. బోల్టులను ఒకే డబ్బాలో వేస్తే కట్టేటప్పుడు పొడవు బోల్టు పొట్టి రంధ్రంలోకి పోయి మర చెడగొడుతుంది. అట్టముక్క మీద భాగం బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెడితే ఆ తిప్పలు ఉండవు.

హెడ్డు

హెడ్డు పని ఇంజన్ దించకుండానే అవుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి, వేడి మీద బోల్టులు వదులు చేస్తే అల్యూమినియం వంగుతుంది. నీళ్లు వదిలి, టైమింగ్ బెల్టు గుర్తులు కలిపి, అప్పుడు బెల్టు తీయండి. హెడ్ బోల్టులను బయటి వైపు నుంచి మధ్యకు వస్తూ రెండు మూడు విడతల్లో వదులు చేయాలి. ఒక్కోదాన్ని ఒకేసారి ఊడదీయొద్దు. హెడ్డు అతుక్కుపోతే సందులో స్క్రూడ్రైవర్ దూర్చొద్దు, చెక్క ముక్క ఆనించి సుత్తితో తట్టండి.

హెడ్డు అడుగును ప్యాకింగ్ తునకలు లేకుండా చెక్క బద్దతో గీకి, స్టీలు స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి ఫీలర్ గేజ్ పెట్టి చూడండి. 0.05 మి.మీ. ఆకు ఎక్కడ దూరినా లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి. ఎంత కోశారో అడిగి రాసుకోండి, ఎందుకంటే ప్రతిసారీ కోసుకుంటూ పోతే కంప్రెషన్ పెరిగి ఇంజన్ కొట్టుడు మొదలవుతుంది.

వాల్వులు తీసేటప్పుడు ఏది ఎక్కడిదో నంబరు వేయండి. ల్యాపింగ్, అంటే వాల్వ్‌ను పేస్టుతో రుద్ది దాని సీటులో సరిగ్గా కూర్చోబెట్టడం, ఇంట్లో చక్కగా అయ్యే పని, పైగా నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. వాల్వ్ ముఖానికి గరుకు పేస్టు మూడు నాలుగు చోట్ల పెసరగింజంత పెట్టి, రబ్బరు కప్పు కర్రను రెండు అరచేతుల మధ్య మజ్జిగ కవ్వంలా అటూ ఇటూ తిప్పండి. నాలుగు సార్లు తిప్పాక కాస్త పైకెత్తి, పావు వంతు తిప్పి మళ్లీ కూర్చోబెట్టండి. మొదట కరకరమని గట్టిగా వినిపిస్తుంది. గింజలు నలిగే కొద్దీ ఆ చప్పుడు మెత్తబడి చివరికి చీర అంచు రాసుకున్నట్టు అవుతుంది. అప్పుడు తుడిచి చూస్తే వాల్వ్ చుట్టూ తెగిపోకుండా బూడిద రంగు పట్టీ కనిపించాలి, వెడల్పు 1.3 నుంచి 1.5 మి.మీ. ఉండాలి. ఆ తర్వాత సన్న పేస్టుతో ఒకసారి. పట్టీ ఒక చోట తెగినా, లోతు గుంట కనిపించినా ఇక ఎంత తిప్పినా లాభం లేదు, సీటు కటింగ్ చేయించాల్సిందే.

పేస్టు ఆనవాలు లేకుండా కడిగి, వాల్వులు బిగించాక హెడ్డును పక్కకు తిప్పి, పోర్టులోకి కిరసనాయిలు పోసి అయిదు నిమిషాలు ఉంచండి. వాల్వ్ అంచున చెమ్మ కనిపిస్తే ఆ ఒక్కదాన్నే మళ్లీ ల్యాపింగ్ చేయాలి. వాల్వ్ సీళ్లు పాతవి ఎంత బాగున్నట్టు కనిపించినా మళ్లీ పెట్టొద్దు. వాల్వ్‌ను గైడులో (వాల్వ్ కాడ ఆడే గొట్టంలో) పక్కలకు ఊపితే టకటకలాడుతుంటే గైడు కూడా మార్పించాలి, లేదంటే కొత్త సీలు ఆరు నెలలు కూడా ఆగదు.

బిగించే ముందు బ్లాకులోని హెడ్ బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు మిగలకుండా గాలి కొట్టించండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ద్రవం మిగిలితే బోల్టు దాన్ని అదుముతుంది. ద్రవం నలగదు, బ్లాకు పగులుతుంది. ప్యాకింగ్ పొడిగానే పెట్టాలి, దాని మీద బాండ్ పూయొద్దు. మధ్య నుంచి బయటికి పోతూ మొదటి విడత 3 కేజీ-మీటర్లు, రెండో విడత 5, చివరికి 5.5 నుంచి 6 మధ్య.

టైమింగ్ బెల్టు ఎక్కించాక పుల్లీని స్పానర్‌తో చేతితోనే పూర్తిగా రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడండి. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే ఆగిపోవాలి, సెల్ఫ్‌తో పరీక్షించొద్దు. పాత బెల్టు మీద ఆయిల్ మరక ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతికి ఆ సీలు మార్చండి, కొత్త బెల్టునూ అదే ఆయిల్ తినేస్తుంది.

వాల్వ్ గ్యాపు చల్లని ఇంజన్ మీద 0.13 నుంచి 0.18 మి.మీ., అంటే 0.15 ఆకు కాస్త పట్టుకుని జారాలి. ఫైరింగ్ వరుస 1-3-2. ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద పైకి వచ్చినప్పుడు దాని రెండు వాల్వులూ సరిచేయండి. అక్కడి నుంచి క్రాంకును (పిస్టన్లు తిప్పే కింది ఇరుసును) 240 డిగ్రీలు తిప్పితే మూడోది, ఇంకో 240 తిప్పితే రెండోది. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కాస్త తిరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ ఆకు పెట్టి చూడాలి. ట్యాపెట్ చప్పుడు వస్తుందేమోనని గ్యాపు మరీ తగ్గించేవాళ్లున్నారు. చప్పుడు చేసే వాల్వ్ బతుకుతుంది. మూసుకోని వాల్వ్ ఘాట్ మీద కాలిపోతుంది.

బోరు, పిస్టన్లు

పరీక్షలో బోరు పోయిందని తేలితే ఇంజన్ దించక తప్పదు, బ్లాకు లేత్ షాపుకు పోవాలి. పోయే ముందు మీరే ఒక అంచనాకు రండి. బోరు పైఅంచు దగ్గర గోరు పెట్టి కిందికి జార్చండి: గోరు మెట్టుకు తగులుకుంటే అరుగుదల బాగానే ఉంది. ఖచ్చితమైన కొలత బోర్ గేజ్‌తో పై, మధ్య, కింది చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో తీయాలి. వెర్నియర్ ఈ పనికి చాలదు. ఆరు అంకెల్లో పెద్దదానికీ చిన్నదానికీ తేడా 0.10 మి.మీ. దాటితే బోరింగ్ చేయించాలి. పిస్టన్లు 0.25, 0.50 మి.మీ. ఓవర్ సైజుల్లో వస్తాయి.

లేత్ షాపు దగ్గర ఇంటి దగ్గర పని చేసేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. బ్లాకు ఇచ్చేసి "0.25 బోరు కొట్టండి" అని వచ్చేస్తారు. ముందు పిస్టన్లు కొనాలి, వాటిని బ్లాకుతో పాటు ఇవ్వాలి. ఒకే డబ్బాలో వచ్చిన మూడు పిస్టన్ల మధ్య కూడా సూక్ష్మమైన తేడా ఉంటుంది. ఏ పిస్టన్ ఏ సిలిండర్‌లోకో నంబరు వేసి, దాన్ని కొలిచి, గ్యాపు 0.04 నుంచి 0.05 మి.మీ. ఉంచమని చెప్పాలి. మరీ టైటుగా చేస్తే మొదటిసారి ఘాట్ ఎక్కేటప్పుడే పిస్టన్ పట్టేస్తుంది, వదులైతే పొద్దున పూట చప్పట్లు కొడుతుంది.

హానింగ్ (బోరు గోడను రాతితో సానబట్టడం) అయ్యాక బోరు గోడల మీద అడ్డదిడ్డంగా సన్న గీతలు కనిపించాలి. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది, అక్కడే రాతిపొడి కూడా దాక్కుంటుంది. కిరసనాయిలు ఆ పొడిని కదిలించి మళ్లీ అక్కడే వదిలేస్తుంది. వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, నైలాన్ బ్రష్: ఇంతే కావాలి. నురగ వచ్చేలా తోమి, నీళ్లతో కడిగి, తెల్ల బనీను గుడ్డకు కాస్త ఆయిల్ అంటించి బోరు గోడంతా ఒక చుట్టు తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు మరక వస్తే మళ్లీ సబ్బు. సాధారణంగా మూడో సారికో నాలుగో సారికో గుడ్డ తెల్లగా బయటికి వస్తుంది, అప్పుడే ఆపాలి. ఆపిన వెంటనే ఆయిల్ పూయకపోతే అరగంటలో గోడల మీద తుప్పు పొర కనిపిస్తుంది. "కొత్త రింగులు వేసినా ఆయిల్ తాగుతోంది" అనే బండ్లలో చాలావాటికి ఈ సబ్బు నీళ్లు పడలేదన్నమాట.

రింగులు పిస్టన్‌కు ఎక్కించే ముందు ఒక్కోదాన్ని బోరులో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని రింగును సమంగా కిందికి నెట్టి, కొసల మధ్య గ్యాపు కొలవండి. 0.15 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉంటే సరిపోతుంది. తక్కువైతే రింగు వేడికి పెరిగి కొసలు ఢీకొని విరుగుతుంది, సన్న ఆకురాయితో రాసి సరిచేయాలి. పాత రింగు 0.7 దాటితే పారేయడమే. రింగు మీద అక్షరం ఉన్న వైపు పైకి ఉండాలి. కొసలన్నీ ఒకే వరుసలో పడకుండా చుట్టూ జరిపి పెట్టండి. ఆయిల్ రింగు స్ప్రింగు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. పిస్టన్ తల మీది బాణం బెల్టు పుల్లీ వైపు చూడాలి.

రాడ్డు బోల్టులకు పాత పెట్రోలు పైపు ముక్కలు తొడిగితే క్రాంకు మీద గీత పడదు. క్లాంపు బిగించి సుత్తి కర్ర పిడితో మెల్లగా తట్టండి. దిగుతూ దిగుతూ టక్కున ఆగితే రింగు బయటికి పొడుచుకుందని అర్థం. బలం పెట్టకుండా వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి.

క్రాంకు

జర్నల్ (క్రాంకు మీద బేరింగ్ కూర్చునే నున్నటి భాగం) మీద గోరుకు తగిలే గీత ఉన్నా, మైక్రోమీటర్‌లో గుండ్రం తప్పినా గ్రైండింగ్ చేయించి అండర్ సైజు బేరింగులు వేయాలి. గ్రైండింగ్ నుంచి వచ్చిన క్రాంకు ఆయిల్ రంధ్రాల్లో ఇనుప రజను ఉంటుంది, సన్న బ్రష్షు దూర్చి కడిగి గాలి కొట్టండి. బేరింగ్ ముక్క వెనక వైపు పొడిగా, శుభ్రంగా ఉండాలి, ఆయిల్ ముందు వైపే పూయాలి. వెనక ఒక్క ఇసుక రేణువు ఉన్నా బేరింగ్ అక్కడ ఉబ్బి త్వరగా కాలిపోతుంది. ఆయిల్ రంధ్రాలు ఎదురెదురుగా పడ్డాయో లేదో కళ్లతో చూడండి.

గ్యాపు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే మైనపు దారం దొరుకుతుంది. జర్నల్ మీద ముక్క పెట్టి క్యాపు బిగించి, క్రాంకు తిప్పకుండా విప్పి, నలిగిన వెడల్పును కవరు మీది గీతలతో పోల్చాలి. 0.02 నుంచి 0.04 మి.మీ. మంచి గ్యాపు. మెయిన్ క్యాపులు 4.3 నుంచి 4.8 కేజీ-మీటర్లు, రాడ్డు నట్లు 2.8 నుంచి 3.2. ఒక్కో క్యాపు బిగించిన ప్రతిసారీ క్రాంకును చేతితో తిప్పి చూడండి. ఎప్పుడు గట్టిపడిందో తెలిస్తే ఏ క్యాపుదో తెలుస్తుంది, అన్నీ బిగించాక తెలిస్తే అన్నీ విప్పాలి. ముందు, వెనక ఆయిల్ సీళ్లు కొత్తవే వేయాలి. ఆయిల్ పంపు బిగించే ముందు దాని లోపల ఆయిల్ పోసి పళ్లు తిప్పండి, ఎండిన పంపు మొదటి నిమిషంలో ఆయిల్ లాగదు.

గేర్‌బాక్స్

విప్పేలోగా చప్పుడు ఎక్కడిదో తేల్చండి. న్యూట్రల్‌లో గరగరమంటూ క్లచ్ తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్. క్లచ్ తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే రిలీజ్ బేరింగ్, దానికి గేర్‌బాక్స్ లోపలికి పోనక్కర్లేదు. సెకండ్ వేసేటప్పుడు కర్రుమంటే సింక్రో రింగు (గేరు పడేముందు వేగాలు కలిపే ఇత్తడి రింగు). థర్డ్ పడ్డాక దానంతట అదే న్యూట్రల్‌కు వచ్చేస్తుంటే ఫోర్కు గానీ, గేరు పక్క పళ్లు గానీ, లాక్ స్ప్రింగు గానీ. మలుపుల్లో మాత్రమే టకటకమంటే అది గేర్‌బాక్సే కాదు, డ్రైవ్ షాఫ్టు చివరి జాయింటు. ఘాట్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ ప్లేటు.

ఆయిల్ వదిలే ముందు పోసే బిరడా ఊడుతుందో లేదో చూసుకోండి. కింది బిరడా తీసి ఆయిల్ అంతా పోయాక పైది తుప్పు పట్టి కదలనంటే బండి అక్కడే ఉండిపోతుంది. కింది బిరడా అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని ముద్ద అంటుకుని ఉండటం మామూలే. రేకు ముక్కలు, పంటి ముక్కలు కనిపిస్తే లోపల విరిగింది.

స్పీడోమీటర్ కేబుల్, క్లచ్ కేబుల్, గేరు రాడ్డు, రివర్స్ లైటు వైరు, సెల్ఫ్ మోటారు, డ్రైవ్ షాఫ్టులు తీశాక ఇంజన్ కింద చెక్క పలక వేసి జాకీ ఆనించండి. ఆ తర్వాతే మౌంటింగ్ బోల్టులు. గేర్‌బాక్స్‌ను కింద నుంచి ఇంకో జాకీ మీద ఇంజన్ నుంచి నేరుగా పక్కకు లాగాలి. సగం బయటికి వచ్చిన గేర్‌బాక్స్ బరువు క్లచ్ ప్లేటు మీద వేలాడితే కొత్త ప్లేటైనా వంగిపోతుంది. ఎక్కించేటప్పుడూ ఇదే జాగ్రత్త. ప్లేటు మధ్యకు రావడానికి అలైన్‌మెంట్ పిన్ను వాడితే పది నిమిషాల్లో దూరుతుంది. లేకుంటే ఇద్దరు మనుషులు ఓ పూటంతా కుస్తీ పట్టాలి.

కేసు విప్పితే లాక్ గోళీలు, స్ప్రింగులు ఎగిరి పడతాయి. పైన గుడ్డ కప్పి విప్పండి. షిమ్ములు (సందు సరిచేసే సన్న వాషర్లు) ఏ షాఫ్టువి అక్కడే దారానికి గుచ్చి కట్టాలి, కలిసిపోతే కొత్త బేరింగ్ కూడా రోజుల్లో అరుస్తుంది. సింక్రో రింగును గేరు కోను మీద చేతితో అదిమి, రింగు పళ్లకూ గేరు పళ్లకూ మధ్య సందు కొలవండి. 0.5 మి.మీ.కు తగ్గితే ఆ రింగు పనికిరాదు. బేరింగులు తీయడానికి పుల్లరు కావాలి. షాఫ్టు మీదికి కొత్త బేరింగ్ ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే రింగుల మీద గోళీల అచ్చులు పడిపోతాయి, నాలుగు రోజులకే చప్పుడు తిరిగి వస్తుంది. షాపులో ప్రెస్ ఉంటే అక్కడే ఎక్కించుకోవడం నయం.

నింపాల్సింది 80డబ్ల్యూ-90, జీఎల్-4 రకం. "ఇంకా మంచిది" అని జీఎల్-5 పోసేవాళ్లున్నారు. దానిలోని రసాయనం కొన్ని రకాల్లో ఇత్తడి సింక్రో రింగులను తింటుంది. బండి సమంగా నిలబెట్టి, లెవెల్ రంధ్రం నుంచి ఆయిల్ పొంగి కారేదాకా పోసి బిరడా బిగించాలి.

నీళ్ల సంగతి

మన వైపు బోరునీళ్లలో సున్నం ఎక్కువ. బిందె అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఆ బోరు నీళ్లే ఈ బోరును తినేస్తాయని చెప్పుకోవచ్చు. ఇంజన్ కట్టినప్పుడు రేడియేటర్ విడిగా తీసి కడిగించి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోయండి.

"ఇక్కడ ఎండ ఎక్కువ, థర్మోస్టాట్ ఎందుకు" అని తీసి పడేసే అలవాటు చిత్తూరు నుంచి కాళహస్తి దాకా ఉంది. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్ అది. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పెట్రోలు ఆయిల్‌లోకి దిగి బోరు అరుగుతుంది. పాత థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లు కాచి పరీక్షించొచ్చు. దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకాస్త వేడికి పూర్తిగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతేనే మార్చండి.

మొదటి స్టార్టు

ఆయిల్ ఫిల్టరులో ముందే ఆయిల్ నింపి బిగించండి. ప్లగ్గులు పెట్టకుండా, కాయిల్ వైరు తీసేసి, పది సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ లైటు ఆరిపోయాక ఇంకో రెండు సార్లు తిప్పి, అప్పుడు ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి. స్టార్ట్ అయ్యాక లైటు అయిదు సెకన్లలో ఆరకపోతే వెంటనే ఆపండి. మొదటి పది నిమిషాలు మీ కళ్లు మూడు చోట్ల ఉండాలి: ఆయిల్ లైటు, వేడి ముల్లు, బండి కింది నేల. కొత్త ఇంజన్ నుంచి కాస్త పొగ, కాలిన వాసన రావడం మామూలే, పూసిన ఆయిల్ కాలుతోంది.

రింగులు కూర్చోవాలంటే లోడు కావాలి, కానీ మరీ ఎక్కువ కాకూడదు. ఒకే వేగంతో పోకుండా పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. రేణిగుంట మీదుగా కాళహస్తి పోయి రావడం దీనికి బాగుంటుంది, రోడ్డు దాదాపు చదునే, పోను రాను 70 కిలోమీటర్ల పైచిలుకు. మొదటి 500 కిలోమీటర్లు తిరుమల ఘాట్ గానీ, భాకరాపేట ఘాట్ గానీ ఎక్కొద్దు. బండిలో నలుగురిని ఎక్కించుకుని ఏసీ వేసుకుని పోవడమూ వద్దు.

500 దాటగానే ఆయిల్, ఫిల్టరు మార్చేయండి. తీసిన పాత ఫిల్టరును హాక్సా బ్లేడుతో కోసి, లోపలి కాగితాన్ని మడతలు విప్పి ఎండలో చూడండి. సన్న మెరుపు పొడి ఉంటే అది రింగులది, రాసుకుని కుదురుకుంటున్నాయి. గోటితో తీయగలిగేంత తళుకు రేకులు ఉంటే బేరింగ్ ఊడుతోంది. రాగి రంగు రేకులైతే పై పొర పోయి లోపలి పొర బయటపడిందన్నమాట. అలాంటప్పుడు బండి నడపకుండా సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టె) విప్పి రాడ్డు క్యాపులు ఒక్కోటీ తీసి చూడాలి.